పోపు వేయని ఇల్లు

పల్నాడు నుంచి ఒక పాఠకురాలు రూళ్ల కాగితాల మీద నాలుగు పేజీలు రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఉత్తరంలో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఆమెకు 34 ఏళ్లు, ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్తకు 41. పంతొమ్మిదేళ్లు లారీ తోలారు. నిరుడు ఫిబ్రవరిలో గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీల (బస్తాల) లోడుతో నాగపూర్ బయల్దేరారు. ఎప్పుడూ వచ్చే క్లీనరుకు జ్వరం. దాంతో ఆమె తమ్ముడు, 22 ఏళ్ల కుర్రాడు, తోడు వెళ్లాడు. తెల్లవారుజామున మూడు దాటాక, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న ఇంకో లారీని వెనకనుంచి గుద్దారు. క్యాబిన్ ఎడమ పక్క నుజ్జయింది. జనం పోగై గడ్డపారలతో రేకు చీల్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అందులో చాలాసేపు ఆ కుర్రాడు ‘బావా, బావా’ అంటూనే ఉన్నాడు. ప్రాణంతో బయటికి రాలేదు. ఆమె భర్తకు భుజం మీద ఆరు కుట్లు, అంతే.

జరిగి పద్నాలుగు నెలలు. ఆయన మళ్లీ బండెక్కలేదు. రాత్రి రెండు మూడు గంటల మధ్య ఉలిక్కిపడి లేస్తారు. ఒక్కోసారి నిద్రలోనే కుడికాలితో మంచం పట్టీని బలంగా తొక్కుతారు, బ్రేకు తొక్కినట్టు. వీధిలో ఎవరైనా ‘బావా’ అని కేకేస్తే మొహం పాలిపోతుంది. ఒకరోజు ఆమె పప్పులో పోపు పెడుతుంటే ఎండుమిరపకాయ ఘాటుకి అన్నం ముందునుంచి లేచి, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తారు. ఆ రాత్రి టిక్కీలు పగిలి క్యాబిన్ నిండా మిరపకాయలు పడ్డాయట. అప్పట్నుంచి ఆ ఇంట్లో పోపు లేదు. రోజూ ఒక క్వార్టరు, పైన చీటీ లేకుండా తెచ్చుకునే నిద్రమాత్ర. నిద్ర లేపుదామని తొమ్మిదేళ్ల పాప భుజం తడితే చెయ్యి విసిరికొట్టారు, పిల్ల వెళ్లి గోడకు గుద్దుకుంది. తమ్ముడి సంవత్సరీకం నాడు ఇంట్లోంచి మాయమై, రెండు రోజుల తర్వాత నరసరావుపేట బస్టాండులో దొరికారు.

భర్త అన్నగారు ‘దెబ్బలేం తగల్లేదుగా, స్టీరింగు చేతికిస్తే భయం అదే పోద్ది’ అంటున్నారు. అత్తగారు ‘ఆ పిల్లోడి గాలి పట్టింది’ అని దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. తల్లి ‘నా కొడుకుని మింగినోడి ఇంట్లో ఎట్టా ఉంటున్నావే’ అని, పిల్లను తీసుకుని వచ్చేయమంటున్నారు. తాగినప్పుడు ఆయన ఒకసారి ‘వాడి బదులు నేను పోవాల్సింది’ అన్నారు. ఇంకోసారి ‘నాకు కునుకు పట్టిందేమో, తెలీట్లా’ అన్నారు. ఆమె అడిగినవి మూడు: ఇది పిచ్చా? బండెక్కించాలా వద్దా? నేను ఇక్కడే ఉండాలా, వెళ్లిపోవాలా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మూడో పేజీ అడుగున ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘క్లీనరు రావట్లేదంటే తమ్ముణ్ణి తీసుకెళ్లమని నేనే అన్నాను, ఖాళీగా తిరుగుతున్నాడని.’ అది రాసి, వెంటనే జాకెట్ల గిరాకీ తగ్గిన సంగతిలోకి వెళ్లిపోయారు. మీరడిగిన మూడు ప్రశ్నల్లో అది లేదు. నాకు మాత్రం ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మీవారి సంగతి. పిచ్చి కాదు. గాలీ కాదు, పిరికితనమూ కాదు. నేను ఆయన్ని చూడలేదు, ఫలానా జబ్బని తేల్చడం డాక్టరు చేయాల్సిన పని. అయినా మీరు రాసినవి చదివితే మానసిక వైద్యులు ఎవరైనా మొదట అనుమానించేది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. దీన్ని గుర్తుపట్టడానికి వాళ్లు చూసేవి ముఖ్యంగా మూడు, మూడూ మీ ఉత్తరంలో ఉన్నాయి. జరిగిపోయినదాన్ని తలుచుకోవడం వేరు, అది ఇప్పుడే మళ్లీ జరుగుతున్నట్టు ఒళ్లంతా అనుభవించడం వేరు. మంచం పట్టీని తొక్కే ఆ కుడికాలు రెండో రకం. ఆ రాత్రిని గుర్తుచేసే దేన్నుంచైనా తప్పుకు తిరగడం ఇంకోటి: బండి, పోపు, సంవత్సరీకం. ముఖం చెల్లక పారిపోయాడని మీవాళ్లు అనుకున్నారు. ఆ తేదీ దగ్గర పడుతున్నకొద్దీ ఆయన లోపల ఏం జరిగి ఉంటుందో ఒక్కరూ అడిగినట్టు లేదు. ఇక మూడోది, ప్రమాదం ఇంకా పక్కనే ఉన్నట్టు ఒళ్లు ఎప్పుడూ కాపలా కాయడం. పాప చెయ్యి తగిలినప్పుడు విసిరికొట్టింది ఆ కాపలాయే.

ఇలాంటివి ఏ ప్రమాదం తర్వాతైనా కొన్ని వారాలు ఎవరికైనా ఉంటాయి. నెల దాటాక కూడా తగ్గక, పనినీ సంసారాన్నీ పాడుచేస్తుంటే అప్పుడు జబ్బు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరం చూసేవాళ్లు నూటికి 70 మంది. వాళ్లలో ఈ జబ్బు దాకా వెళ్లేది 5.6 శాతం మందే. ‘అందరికీ రానిది వీడికే ఎందుకొచ్చింది’ అని మీ ఇంట్లో అనొచ్చు. మనిషి గట్టితనం కొలిచే లెక్క కాదది. నలభై నిమిషాల పాటు పక్కన తనవాడు పిలుస్తుంటే ఏమీ చేయలేకుండా ఉండటం, పోయినవాడు పరాయివాడు కాకపోవడం, తర్వాత ఓదార్చాల్సిన ఇంట్లోనే వేళ్లు తనవైపు చూపించడం. ఇవన్నీ దాన్ని ముదరబెట్టే సంగతులే. పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ ‘ఎట్టా జరిగింది’ అని మొదట్నుంచీ చెప్పించుకున్నారని రాశారు చూడండి, అది కూడా. చెప్పుకుంటే బరువు తగ్గుతుందని మనకో నమ్మకం. ఇష్టం లేకుండా, పదిమంది మధ్య, ఆ తొలి రోజుల్లో చెప్పిస్తే తగ్గదు.

మీ భర్త అన్నగారి ‘దెబ్బలేం తగల్లేదుగా’ చాలా పాత మాట. ఇంగ్లండులో రైళ్లు కొత్తగా తిరుగుతున్న రోజుల్లోనే, ప్రమాదంలోంచి ఒంటి మీద పెద్ద గాయం లేకుండా బయటపడ్డవాళ్లు నెలల తర్వాత కూడా నిద్ర లేక, వణుకుతూ, రైలు పేరెత్తితే బెదురుతూ ఉండటం డాక్టర్లు చూశారు. 1866లో ఎరిక్సెన్ అనే లండన్ సర్జన్ దీని మీద పుస్తకమే వేశాడు. వెన్నెముకకు కనపడని దెబ్బ తగిలిందనుకుని దానికి ‘రైల్వే స్పైన్’ అని పేరు పెట్టారు. వెన్నెముక సంగతి తప్పు, మనుషులు పడిన బాధ తప్పు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలకు అదే వస్తే ‘షెల్ షాక్’ అన్నారు. పీటీఎస్‌డీ అన్న పేరుతో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులను చూశాక. అంటే, కనపడని దెబ్బ కూడా దెబ్బేనని వైద్యులు ఒప్పుకోవడానికే నూట పద్నాలుగేళ్లు పట్టింది. మీ ఇంట్లో పద్నాలుగు నెలలు పట్టినందుకు నేనెవర్నీ తిట్టను.

మీవారికి ఇది వివరించాలంటే ఆయన బండి భాషలోనే చెప్పండి. గుద్దుకున్నాక ఒక్కోసారి హారన్ ఇరుక్కుపోయి మోగుతూనే ఉంటుంది కదా. బండి ఆగిపోయింది, ఇంజను చల్లారింది, అయినా హారన్ ఆగదు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని లేపే భాగం ఒకటుంది, అమిగ్డలా అంటారు. అది అలా ఇరుక్కుంది. ఏ సంగతి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో సర్ది పెట్టాల్సిన భాగాలు ఆ రాత్రిని ‘అయిపోయింది’ అన్న అరలో పెట్టలేకపోయాయి. అందుకే పోపు ఘాటు ముక్కుకి తగిలితే ఆయన మీ వంటింట్లో ఉండరు, ఆ క్యాబిన్‌లో ఉంటారు.

ఇక్కడ మీకు కొంచెం కష్టంగా తోచే మాట ఒకటి. పోపు మానేసింది మీరు ప్రేమతోనే. పక్కింటి పిల్లలు వాళ్ల బావను పిలవకుండా చూసిందీ, తమ్ముడి ఫొటో బీరువాలో పెట్టిందీ ప్రేమతోనే. ఆ పూటకి ఆయనకు నెమ్మది దొరికింది, నిజమే. తప్పించిన ప్రతిసారీ ‘చూశావా, అది నిజంగా ప్రమాదమే, తప్పించుకున్నాం కాబట్టి బతికాం’ అని ఆ హారన్‌కి నమ్మకం ఇంకాస్త బలపడుతుంది. మొదట బండి, తర్వాత మిరపకాయ, తర్వాత బంధువులు. ఇప్పుడు పగలు కూడా గుమ్మం దాటడం లేదన్నారు. ఇల్లు అలా కుంచించుకుపోతూ వచ్చింది.

అలాగని రేపే పోపు పెట్టి పరీక్షించకండి. ఉన్నపళంగా ఎదురుగా పెట్టడం వైద్యం కాదు, మీ భర్త అన్నగారి స్టీరింగు సలహాకి వంటింటి రూపం. ఈ జబ్బుకి పనిచేస్తుందని తేలిన మాటల చికిత్సలున్నాయి. ఒకదాంట్లో, శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గర కూర్చుని ఆ రాత్రిని మొదట్నుంచీ చివరి దాకా, తన చేతుల్లో పగ్గం ఉంచుకుని, మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ వస్తారు. భయపడి వదిలేసిన పనుల్లో తేలికైనవాటితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కుతారు. సాధారణంగా 8 నుంచి 15 సార్లు, వారానికోసారి. ఈఎండీఆర్ అని ఇంకో పద్ధతి ఉంది, జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లను అటూ ఇటూ కదిలించేది. వినడానికి వింతగా ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం దాన్ని ఒప్పుకుంది. మందులు కావాలంటే సెర్ట్రలిన్ లాంటివి ఇస్తారు. వాటి పని తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో వారానికే ‘లాభం లేదు’ అని మానేసేవాళ్లు చాలామంది, ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఆ నిద్రమాత్ర గురించి నాకు నిజంగా భయంగా ఉంది. నిద్రకని చీటీ లేకుండా అమ్మే మాత్రలు చాలావరకు ఒకే జాతివి. ఈ జబ్బుని అవి తగ్గించవు, అలవాటు మాత్రం చేస్తాయి. మందు తాగి పైన అవి వేసుకుంటే నిద్రలో ఊపిరి మందగించి మనిషి లేవకపోవచ్చు. పోనీ రెండూ ఇవాళ్టి నుంచే మానేయమందామంటే అదీ ప్రమాదమే, ఇన్ని నెలల అలవాటు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరుకి ఎంత తాగుతున్నారో, ఏ మాత్రో, దాచకుండా చెప్పాలి. ఆయనే మెల్లగా దింపిస్తారు. వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట కూడా తీసుకెళ్లండి.

‘వాడి బదులు నేను పోవాల్సింది’ అన్నమాటని తాగిన మాటగా వదిలేయకండి. ఆయన తాగని పూట చూసి, సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం, అలా పుట్టదు. అవునంటే, ఎలా అని కూడా అనుకున్నారంటే, ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలకండి, తెల్లారగానే ఆసుపత్రికి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే బయటికి పంపేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. రాత్రింబగళ్లూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు, ఆయనే చేయాలని లేదు. ప్రాణం మీదికొస్తే మాత్రం 112.

బండి మాట. మూడు దారులున్నాయి. రేపే లైను మీదికి పంపడం ఒకటి. నిద్ర లేని, మందూ మాత్రా కలుపుతున్న మనిషి చేతికి పదహారు టన్నుల లోడు ఇవ్వడం ఆయనకే కాదు, ఎదురొచ్చేవాళ్లకూ ముప్పు. ఈ ఒక్కదాని మీద నాకు ఊగిసలాట లేదు, వద్దు. ఇక ఎప్పటికీ ఎక్కకపోవడం రెండో దారి. మనుషులు వృత్తులు మార్చుకుంటారు, అందులో ఓటమి లేదు. ఓనరు యార్డులో లోడింగు చూసుకునే పని ఇస్తానన్నారని రాశారు కానీ, అది ఎండుమిర్చి మధ్యే కదా. ఇప్పుడు ఒప్పుకుంటే నాలుగు రోజుల్లో మానేసి, ‘ఇదీ చేతకాలేదు’ అన్న ఇంకో మచ్చ మోస్తారు. ఆరేడు నెలల తర్వాత అదే పని మంచి మెట్టు కావచ్చు. ఓనర్ని అప్పటిదాకా ఆగగలరేమో అడిగి చూడండి. మూడోది, చికిత్సలో భాగంగా ఆగి ఉన్న బండి దగ్గర నిలబడటం, క్యాబిన్‌లో కూర్చోవడం, పగటిపూట దగ్గర దూరాలు. ఏడాది పట్టొచ్చు. అప్పుడు కూడా ఆయన వద్దంటే అది భయం చేసిన నిర్ణయం కాదు, ఆయన చేసినదే. ఆ ఏడాది ఇల్లు మీ మిషను మీద నడవాలి. అది చిన్న విషయమని నేను అనను.

‘కునుకు పట్టిందేమో’ అన్నమాటకి మీరు ‘నీ తప్పేం లేదు’ అని జవాబిచ్చారట. ఆయన లేచి వెళ్లిపోయారట. ఎందుకంటే ఆయనకు తెలియదు, మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియనిదాన్ని కొట్టిపారేస్తే, ఎదుటివాళ్లు వినడానికి కూడా భయపడుతున్నారని అర్థమవుతుంది. ‘నాకు తెలీదు. తెలీకుండా ఇన్నాళ్లు ఎట్టా మోస్తున్నావో’ అంటే చాలు. లైట్లు లేకుండా రోడ్డు మధ్య బండి ఆపినవాడెవడో, రాత్రంతా తోలితేనే గిట్టుబాటయ్యే కిరాయిలెవరు పెట్టారో, ఆ నిందలో ఎవరి వాటా ఎంతో ఆయన ఒక సైకాలజిస్టు ముందు విడగొట్టుకోవాలి. ఒకవేళ నిజంగా కునుకు పట్టినా, అలసిపోయిన ఒళ్లు కన్నుమూయడం ఒకటి, బామ్మర్దిని చంపాలనుకోవడం ఇంకొకటి. ప్రస్తుతం ఆయన మనసులో ఆ రెండూ ఒకటే.

పాపకు చెప్పండి, నాన్నకు నిద్రలో కలత ఉంది, కొట్టాలని కొట్టలేదని. ఆయన్ని లేపాలంటే దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, ముట్టుకోకూడదు, అది పిల్ల పని కూడా కాదు. ఇకమీదట మెలకువలో ఉండి చెయ్యెత్తితే మాత్రం, జబ్బు అన్న కారణంతో సహించకండి. మీరూ పాపా కొన్నాళ్లు వేరే చోట ఉండటానికి అది చాలిన కారణం.

అలాంటిది లేకపోతే ఉండాలా వెళ్లాలా అన్నది నేను తేల్చలేను. వెళితే మీకు నిద్ర పడుతుంది, పాపకు నెమ్మది. ఆయన మాత్రం దాన్ని తీర్పుగా తీసుకుంటారు, ఇప్పుడున్న స్థితిలో ఒంటరిగా ఉండటం మంచిది కాదు. వెళ్లాలనుకుంటే అత్తగారో ఆయన అన్నగారో ఇంట్లో ఉండేట్టు చూసి, ‘ఇన్ని రోజులకు వస్తా’ అని తేదీ చెప్పి వెళ్లండి. ఉంటే, మిషనుతోపాటు ఆయన కాపలా కూడా మీదే అవుతుంది. ఇప్పటికే నెలకి ఎన్ని రాత్రులు నిద్రపోతున్నారో మీరు రాయలేదు. దర్గా విషయంలో అత్తగారితో గొడవ పడకండి. తాయెత్తు మందుకి అడ్డం రాదు, పైగా కొడుకు కోసం ఏదో చేస్తున్నానన్న తృప్తి ఆమెకుంటుంది. మందులు మాన్పించే చోటికీ, కొట్టే చోటికీ, కట్టేసే చోటికీ మాత్రం ససేమిరా వద్దు. తమిళనాడు ఏర్వాడిలో, దర్గాకొచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ఇంట్లో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నేరుగా నిషేధించింది.

ఇప్పుడు ఆ మూడో పేజీ వాక్యం. తమ్ముణ్ణి తీసుకెళ్లమన్నది మీరు. ఈ మాట మీ అమ్మగారికి తెలుసా? మీవారితో ఆ తర్వాత ఒక్కసారైనా అన్నారా? ఉత్తరం చూస్తే లేదనిపిస్తోంది. పద్నాలుగు నెలలుగా ఆయన రాత్రుళ్లకి కాపలా కాస్తూ, అమ్మ నిందలకి జవాబు చెప్పుకుంటూ, మీ తమ్ముడి కోసం మీరు ఏడ్చిన పూట ఒక్కటి కూడా ఈ నాలుగు పేజీల్లో లేదు. ఖాళీగా తిరిగే తమ్ముడికి నాలుగు డబ్బులు వస్తాయని అక్క అనే మాట అది, ఏ అక్కయినా అంటుంది. అయినా నా మాటతో అది మీ లోపల్నుంచి పోదని తెలుసు, ఇప్పుడే మీవారి గురించి చెప్పినట్టు. అది ఎవరో ఒకరి ముందు బయటికి రావాలి. మీవారితో చెబితే, నింద మోసేది తనొక్కడే కాదని ఆయనకు తెలియొచ్చు. లేదా ‘అయితే నువ్వూ నన్నే అనుకున్నావా’ అని ఇంకా ముడుచుకుపోవచ్చు. ఆయన చికిత్స కాస్త ముందుకు నడిచాక చెప్పడం మేలని నా ఊహ. మీ అమ్మగారికి చెప్పడం ఇంకా కష్టం. ఆమె దగ్గరికి ఒక పూట మీరొక్కరే వెళ్లండి, మీవారి తప్పొప్పుల చర్చకు కాదు, వాడి గురించి మాట్లాడుకోవడానికి. వాడికేం ఇష్టమో, ఏ అల్లరి చేసేవాడో. ఫొటో బీరువాలోంచి తీసి ముందు మీ మిషను పక్కన పెట్టుకోవచ్చు, హాల్లో పెట్టాలని ఏమీ లేదు.

గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఉంది. ‘మెంటల్ డాక్టరు’ అంటే ఆయన కదలరని రాశారు. నిద్ర పట్టడం లేదు కదా, నిద్ర డాక్టరుకి చూపిద్దామనండి, అది అబద్ధం కాదు. అక్కడికెళ్లాక ‘ఏంటి ఇబ్బంది’ అంటే ఆయన ‘నిద్ర లేదు’ అని ఊరుకుంటారు, పది నిమిషాల్లో నిద్రమాత్ర రాసిచ్చి పంపేసే ప్రమాదం ఉంది. అందుకని ఒక తెల్లకాగితం మీద మీరే రాసి పట్టుకెళ్లండి. ప్రమాదం తేదీ, మందు ఎంత, మాత్ర పేరు, రాత్రి ఎన్నిగంటలకు లేస్తున్నారు, కాలు ఎలా తొక్కుతున్నారు, మిరపకాయ సంగతి, పాప సంగతి. బావా అన్న పిలుపు గురించి కూడా రాయండి. అది ఆయన నోటితో చెప్పలేరు.